సీటు కన్నా ముందు సబ్జెక్టు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడు డిగ్రీలో చేరాలంటే 2016లో వచ్చిన 'దోస్త్'లో ఆప్షన్లు పెట్టుకోవాలి. మీ మార్కులతో పాటు ఆప్షన్ల వరుస కూడా సీటును తేలుస్తుంది. ఆ వరుసను నెట్ సెంటర్ పిల్లగానికో, పక్కింటి దోస్తుకో వదిలేయకండి.

మా కాలంలో 'దోస్త్' లేదు గాని, నేను చేరింది దోస్తు మాట మీదే. నాకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. అయినా బస్సులో తోడుంటాడని అతని గ్రూపే తీసుకున్నాను. అందులో కెమిస్ట్రీ లేదు. మూడేళ్ల తర్వాత ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి పోదామంటే, డిగ్రీలో చదవలేదు గనుక అర్హత లేదన్నారు. ఆ దోస్తు రెండో ఏడే చదువు మాని గల్ఫ్ పోయాడు. బస్సులో నేనొక్కణ్నే మిగిలాను.

అందుకే చెబుతున్నా. ఒక సబ్జెక్టు తీసుకునేటప్పుడు ఏ దారి తెరుచుకుంటుందో చూస్తాం. వదిలేసినప్పుడు ఏ దారి మూసుకుంటుందో కూడా చూడాలి. పీజీకైనా, బీఎడ్‌కైనా డిగ్రీలో ఏం చదివారని అడుగుతారు.

కరీంనగర్ వైపు శాతవాహన, ఆదిలాబాద్ వైపు కాకతీయ యూనివర్సిటీ కాలేజీలున్నాయి. అన్నింటిలో అన్ని సబ్జెక్టులూ ఉండవు. ఆప్షన్ పెట్టకముందే ఒకసారి వెళ్లి చూడండి. ఆ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారా? ల్యాబ్ నడుస్తోందా? సాయంత్రం ఊరికి బస్సుందా? సీనియర్లను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు.

సబ్జెక్టు మీద ఇష్టం కూడు పెట్టదంటారు. మన హనుమాజీపేటలో 1931లో పుట్టిన సినారె ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. అయినా ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేశారు. ఆ తెలుగే ఆయనకు ఉద్యోగమిచ్చింది, 1988లో 'విశ్వంభర'కు జ్ఞానపీఠం తెచ్చింది. అందరం సినారెలం కాలేం. కానీ ఇష్టమైన సబ్జెక్టును మూడేళ్లు విసుగు లేకుండా చదవగలం.

అమ్మానాన్నలకు ఒక మాట. ఫీజు గురించి, దూరం గురించి మీరు చెప్పండి, పిల్లలు వినాలి. సబ్జెక్టు గురించి పిల్లలు చెబితే మీరు వినండి. పరీక్ష రాసేది వాళ్లే కదా!

సెలవు.