కొత్తగా షేర్లు కొనేవారు ఎక్కడ పొరబడతారు?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో పాఠాలు చెప్పుకునే మా వంటివారికి షేర్ల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇవాళ డీమ్యాట్ ఖాతా తెరవడానికి ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, చేతిలో ఒక ఫోను ఉంటే చాలు. మా దగ్గర చదువుకున్న పిల్లలు మొదటి జీతం అందిన నెలలోనే తెరుస్తున్నారు. కొనడం నేర్పేవారు వీధికి పదిమంది ఉన్నారు. ఆగి ఆలోచించడం నేర్పేవారే తక్కువ. ఫలానా షేరు కొనండి అని మేము చెప్పబోము. లెక్క ఎక్కడ తప్పుతుందో మాత్రం చూపిస్తాం.

ముందు షేరు అంటే ఏమిటో చూద్దాం. షేరు అంటే వ్యాపారంలో వాటా. లాభం వస్తే మనకూ లాభం, నష్టం వస్తే మనకూ నష్టం. కాబట్టి "లక్ష పెట్టండి, నెలనెలా ఇంత ఖాయం" అని ఎవరైనా అంటే అది షేరు కాదు. మనలో వడ్డీ వద్దనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ విశ్వాసాన్నే ఎరగా వేసినవారూ ఉన్నారు. 2019లో బెంగళూరులో ఐ మానెటరీ అడ్వైజరీ కుప్పకూలినప్పుడు వేలాది కుటుంబాలు పొదుపు సొమ్మంతా పోగొట్టుకుని ఫిర్యాదులు పట్టుకుని వరుసల్లో నిలబడ్డాయి.

ఏ కంపెనీ షేరు ధర్మసమ్మతం, ఏది కాదు అనేది ఉలమాలు చెప్పవలసిన విషయం. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 'నిఫ్టీ 50 షరియా' అనే సూచీ ఉంది. మద్యం, వడ్డీ వ్యాపారం వంటివాటిని వడకట్టి తయారుచేసిన జాబితా అది. అయితే జాబితాలో పేరున్నంత మాత్రాన లాభం వస్తుందని హామీ లేదు. ఆ రెండింటినీ కలిపి చూడకూడదు.

ఇక పొరపాట్ల సంగతి.

మొదటిది, పెట్టకూడని డబ్బు పెట్టడం. వచ్చే ఏడాది అమ్మాయి పెళ్ళికి దాచినది, అబ్బాయి కాలేజీ ఫీజుకు ఉంచినది, బంగారం కుదువపెట్టి తెచ్చినది, ఇవేవీ షేర్లలో పెట్టవలసినవి కావు. 2020 జనవరిలో సెన్సెక్స్ 42 వేలు దాటింది. మార్చి 23 నాటికి 26 వేల కిందికి పడింది. రెండే నెలలు! అదే ఏడాది డిసెంబరు ఆఖరుకు మళ్ళీ 47 వేలు దాటింది. ఆగగలిగినవారు ఒడ్డున పడ్డారు. ఏప్రిల్లో ఫీజు కట్టవలసినవారు మాత్రం నష్టానికి అమ్ముకోవలసి వచ్చింది. ఇద్దరూ కొన్నది ఒకే షేరు కావచ్చు. తేడా అంతా డబ్బు ఎప్పుడు అవసరమన్న దానిలోనే ఉంది. ఆరునెలల ఇంటి ఖర్చు వేరే పెట్టుకుని, అయిదారేళ్ళు ముట్టుకోనక్కరలేని సొమ్ముంటేనే షేర్ల వైపు చూడాలి.

రెండవది, పది రూపాయల షేరు చవక, రెండువేల రూపాయల షేరు ఖరీదు అనుకోవడం. మా ఏడో తరగతి లెక్కతో చూద్దాం. ఒక కంపెనీకి 200 కోట్ల షేర్లున్నాయి, షేరు ధర 10 రూపాయలు. అంటే మొత్తం కంపెనీ ధర 2,000 కోట్లు. ఇంకో కంపెనీకి 50 లక్షల షేర్లే ఉన్నాయి, షేరు ధర 2,000 రూపాయలు. మొత్తం 1,000 కోట్లు. రెండు కంపెనీల లాభమూ ఒకటే అయితే ఏది చవక? రెండువేల రూపాయలదే. షేరు ధర ఒక్కటే చూసి కంపెనీ విలువ చెప్పలేం. లాభమెంత, అప్పెంత అని కూడా చూడాలి.

మూడవది, ఉన్నదంతా ఒకే కంపెనీలో పెట్టడం. దీనికి ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు మంచి కార్పొరేట్ పాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని అధిపతే లేఖ రాశారు. అంతకు ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు వచ్చింది. తెలిసిన ఊరు, తెలిసిన పేరు, వచ్చిన అవార్డు, ఇవేవీ అడ్డుపడలేదు. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. వంద యాభై కావడానికి యాభై శాతం పడితే చాలు. ఆ యాభై మళ్ళీ వంద కావాలంటే వంద శాతం పెరగాలి. అందుకే పెట్టుబడిని పదిచోట్ల పంచాలి, ఒక్కసారిగా కాక నెలనెలా కొంత పెట్టాలి.

నాలుగవది అన్నిటికంటే ప్రమాదకరమైనది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే సలహాలు నమ్మి ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి దూకడం. దీనిమీద సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. మూడేళ్ళలో వాటిలో దిగిన చిన్న మదుపరులలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే లక్షా ఎనభై వేల కోట్ల రూపాయలు దాటింది. మా తరగతిలో నూటికి 93 మంది తప్పుతుంటే తప్పు పిల్లల్లో లేదు, ఆ పరీక్షలోనే ఉందంటాం. సలహా ఇచ్చేవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైటులో చూడండి. లేకపోతే ఆ గ్రూపు నుంచి బయటికి రండి.

అయిదవది, లాభం వచ్చిన షేరును తొందరపడి అమ్మేసి, నష్టం వచ్చినదాన్ని "కొన్న ధర వస్తే చాలు" అంటూ ఏళ్ళ తరబడి పట్టుకుని కూర్చోవడం. మనం ఎంతకు కొన్నామో మార్కెట్టుకు తెలియదు, అక్కరా లేదు. ఇవాళ చేతిలో డబ్బుంటే ఇదే షేరును ఈ ధరకు కొంటామా? ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి. కొనం అన్నది జవాబైతే ఉంచుకోవడానికి కారణం లేదు.

చివరిది కాగితాల అశ్రద్ధ. నామినీ పేరు రాయరు. ఇంట్లో ఆడవారికి ఖాతా ఉందని కూడా చెప్పరు. యజమాని కన్నుమూస్తే ఆ షేర్ల జాడే తెలియదు. వరుసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు ప్రభుత్వ నిధికి బదిలీ అవుతాయి. వారసులు వాటిని తిరిగి పొందవచ్చు గాని, ఆఫీసుల చుట్టూ తిరగాలి. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి ఆ శ్రమ ఎందుకు మిగల్చాలి? ఈ రాత్రే ఒక నోటుపుస్తకంలో ఖాతాల వివరాలు రాసి, ఎక్కడ పెట్టారో ఇంట్లో చెప్పండి. పిన్, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దు.

మన ఇళ్ళలో సంపాదించేది ఒకరు, ఆధారపడేది పదిమంది. ఆ ఒక్కరు రాత్రికి రాత్రి ధనవంతుడు కావాలనుకుంటే ఆ పదిమంది అన్నమూ చదువూ పణంగా పెట్టినట్టే. ఇచ్చే చెయ్యి నిలబడాలంటే అది ముందు తన ఇంటి లెక్క సరిచూసుకోవాలి.