మీట మీద చెయ్యి ఎవరిది?



మనం ఎవరి పేరున ఇక్కడ కూడామో ఆయన ఉద్యోగ జీవితమంతా టెలిఫోన్ల శాఖలోనే గడిచింది. ట్రంక్ కాల్ కలిపే ఆపరేటర్‌గా చేరి, యూనియన్ నాయకుడిగా రిటైరయ్యారు. కాల్స్ కలిపే బోర్డు ముందు కూర్చున్నవారికి ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ వినే వీలుంటుంది. వినకుండా ఉండడమే ఆ ఉద్యోగం. ఈ ఏటి ఉపన్యాసానికి టెలికాం కంపెనీలూ మానవ హక్కులూ అనే విషయాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. ఫోను ఎవరు ట్యాప్ చేయించారు, నెట్ ఎవరు ఆపించారు అని మనం తరచూ అడుగుతాం. ఆ పని చేసిపెట్టిన వారి సంగతి ఎవరూ అడగరు. ఇవాళ వారి చరిత్ర చెప్పుకుందాం.

మొదలు 1885 టెలిగ్రాఫ్ చట్టం. అందులో 5వ సెక్షన్ సర్కారుకు వార్త ఆపే, పట్టి చూసే అధికారం ఇచ్చింది. అదే చట్టంలో 26వ సెక్షన్ కూడా ఉంది. అధికారం లేకుండా వార్తను పట్టుకున్నా, దాచినా, బయటపెట్టినా తంతి ఉద్యోగికి 3 ఏళ్ల దాకా జైలు. తెల్లదొరల చట్టాన్ని పొగడడానికి నేను ఇక్కడికి రాలేదు. అయినా ఒక్కటి గమనించండి: పని చేసే మనిషి కూడా జవాబుదారీ అన్న ఊహ అందులో ఉంది. అప్పుడు తంతి నడిపేదీ సర్కారే, ఉత్తర్వు ఇచ్చేదీ సర్కారే. మధ్యలో లాభం చూసుకునే మూడో మనిషి లేడు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ చట్టమే నడిచింది. ఫోన్ ట్యాపింగ్ గొడవలో 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పదవి వదులుకున్నారు. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్‌పై సీబీఐ ఇచ్చిన నివేదిక 1991 మార్చిలో ‘మెయిన్‌స్ట్రీమ్’ పత్రికలో వచ్చింది. దాన్ని పట్టుకుని పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. మన కె.జి. కన్నబిరాన్ గారు అధ్యక్షుడిగా పనిచేసిన సంస్థ అది. తీర్పు 1996 డిసెంబరు 18న వచ్చింది. టెలిఫోన్ సంభాషణ కూడా ఏకాంత హక్కులో భాగమేనని, హోం కార్యదర్శి ఉత్తర్వు లేనిదే ట్యాపింగ్ కుదరదని, ఉత్తర్వు 2 నెలలకే చెల్లుతుందని, పొడిగించినా మొత్తం 6 నెలలు దాటకూడదని చెప్పింది. ఇదంతా మీకు తెలిసిందే.

అదే తీర్పులో ఎవరూ పెద్దగా చదవని ఒక భాగం ఉంది. అందులో సీబీఐ తేల్చిన లెక్కలున్నాయి. అప్పట్లో ఢిల్లీలో ఫోన్లు నడిపిన ఎంటీఎన్ఎల్ తన జాబితాలో ట్యాపింగ్‌లో ఉన్నట్టు చూపిన 4 నంబర్లకు అసలు అనుమతి పత్రమే దొరకలేదు. 279 నంబర్లకు అనుమతి పత్రాలున్నాయి గానీ ఎంటీఎన్ఎల్ జాబితాలో ఆ నంబర్లు లేవు. 133 కేసుల్లో గడువు దాటాక కూడా విన్నారు. 111 కేసుల్లో 180 రోజులు మించినా సర్కారు అనుమతి తీసుకోలేదు. అంటే రిజిస్టర్లు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఎంటీఎన్ఎల్ సర్కారు సంస్థే అనుకోండి, కానీ అది కంపెనీ. గడువు తీరిన తర్వాత తీగ తియ్యని ఉద్యోగి ఎవరు, అతనికి 26వ సెక్షన్ వర్తిస్తుందా? ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. కోర్టు పెట్టిన మార్గదర్శకాలన్నీ ఉత్తర్వు ఇచ్చేవారి కోసమే.

తర్వాత పదేళ్లలో ఫోను ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. మూడో మనిషి వచ్చాడు. అతని గుణం 2005లో బయటపడింది.

ఈ కథ కాస్త నింపాదిగా చెబుతాను. సమాజ్‌వాదీ పార్టీ నేత అమర్‌సింగ్ ఫోను ట్యాప్ అయింది. ఆయన ఫోను రిలయన్స్ ఇన్ఫోకామ్‌ది. ట్యాప్ చెయ్యమంటూ ఢిల్లీ పోలీసు అధికారి పేరున, హోం శాఖ పేరున ఆ కంపెనీకి ఉత్తరాలు అందాయి. కంపెనీ వెంటనే పని మొదలుపెట్టింది. తీరా చూస్తే ఆ ఉత్తరాలు దొంగవి. పైగా భాష తప్పుల తడక. ఆఫీసు గుమాస్తా ఎవరైనా ఒక్కసారి చదివితే అనుమానపడాల్సినవి. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మేం మంచి ఉద్దేశంతోనే చేశాం, ఉత్తర్వును నమ్మాం అన్నది కంపెనీ వాదన. 2011 మే 11న ఇచ్చిన తీర్పులో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ గంగూలీల ధర్మాసనం ఆ వాదనను ఒప్పుకోలేదు. సర్వీసు ప్రొవైడరు చేసేది ప్రజలకు సంబంధించిన పని, ఇన్ని తప్పులున్న ఉత్తరం వస్తే నిజమో కాదో కనుక్కోవడం దాని బాధ్యత అంది. విషయాలు దాచి కోర్టుకు వచ్చారని అమర్‌సింగ్ పిటిషన్‌ను మాత్రం కొట్టేసింది. పత్రికలు ఆ కొట్టివేతనే పతాక శీర్షిక చేశాయి. నా దృష్టిలో మన టెలికాం చరిత్రలో కంపెనీని నేరుగా నిలదీసిన తీర్పు ఇదే, ఇది మరుగున పడడం మన దురదృష్టం.

ఆ ట్యాపింగ్‌కూ ఈ తీర్పుకూ మధ్యలోనే, 2007లో, టెలిగ్రాఫ్ నియమాల్లోని 419ఏ నియమం కొత్త రూపానికి వచ్చింది. ప్రతి కంపెనీలో నోడల్ అధికారులుండాలంది. అందిన ఉత్తర్వుల జాబితాను 15 రోజులకోసారి పోలీసు సంస్థలకు పంపి, అవి అసలువేనా అని నిర్ధారించుకోవాలంది. సిబ్బంది తప్పు చేస్తే కంపెనీదే బాధ్యత, లైసెన్సు రద్దు దాకా వెళ్లవచ్చు అంది. మంచిదే. కానీ ట్యాపింగ్ ఆపిన 2 నెలల్లో కంపెనీ తన రికార్డులను చెరిపెయ్యాలని కూడా అదే నియమం చెప్పింది. ఏకాంతం కాపాడడానికని దాని ఉద్దేశం కావచ్చు. రెండు నెలల తర్వాత ఆధారం అడిగే పౌరుడికి మాత్రం ఏమీ మిగలదు.

2011 దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఆ జనవరి 28న ఈజిప్టులో టెలికాం కంపెనీలు సర్కారు ఆదేశంతో మొబైళ్లు, నెట్ ఆపేశాయి. అందులో వొడాఫోన్ కూడా ఉంది. తర్వాత సర్కారు తనకు అనుకూలమైన సందేశాలను ఆ నెట్‌వర్క్ మీదే జనానికి పంపించింది. చట్ట ప్రకారం మాకు వేరే దారి లేదని కంపెనీ చెప్పుకుంది. ఆ ఏడాది జూన్‌లోనే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి, జాన్ రగ్గీ రూపొందించిన మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది: హక్కులను కాపాడే విధి ప్రభుత్వానిది, గౌరవించే బాధ్యత కంపెనీది, నష్టపోయినవారికి పరిహారం దొరకాలి. స్థానిక చట్టం అలా చెప్పింది అనేస్తే కంపెనీ బాధ్యత తీరదని వాటి సారాంశం.

ఆ సూత్రాలు ఎంతవరకు నిలబడ్డాయో మయన్మార్‌లో తేలింది. మన దగ్గర యూనినార్ పేరున సిమ్‌లు అమ్మిన నార్వే కంపెనీ టెలినార్ 2014లో అక్కడ సేవలు మొదలుపెట్టింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. నెట్ ఆపమన్న ఆదేశాలను టెలినార్ కొన్నాళ్లు తన వెబ్‌సైట్‌లో పెట్టింది. మెచ్చుకోదగ్గ పని. ఫిబ్రవరి సగానికల్లా అది కుదరదని తేలింది. జూలైలో వ్యాపారాన్ని లెబనాన్‌కు చెందిన ఎం1 గ్రూపుకు 10.5 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. నిఘా పరికరం ఆన్ చెయ్యమన్న ఒత్తిడికి తాము ఒప్పుకోలేమని చెప్పింది. కానీ సుమారు 1.8 కోట్ల మంది ఖాతాదారుల కాల్ వివరాలు కూడా అమ్మకంతో పాటే కొత్త యజమానికి వెళతాయి కదా? 474 మయన్మార్ పౌరసంఘాల తరఫున నార్వేలో ఫిర్యాదు దాఖలైంది. 2022 మార్చిలో అమ్మకం పూర్తయిపోయింది. చెడ్డ పని చెయ్యనని తప్పుకోవడం ఒకటి, నమ్మి నంబరు ఇచ్చినవారిని వదిలెయ్యడం ఇంకొకటి. టెలినార్ ఈ రెండూ ఒకేసారి చేసింది.

మన దగ్గరికి తిరిగి వస్తాను. కేంద్రం సెంట్రల్ మానిటరింగ్ సిస్టమ్ పెట్టింది. కంపెనీ సిబ్బంది ప్రమేయం లేకుండానే వినే ఏర్పాటు అది, అందువల్ల గోప్యత పెరుగుతుందని సర్కారు వాదన. నాకు ఆ వాదన ఎక్కదు. అమర్‌సింగ్ కేసులో కోర్టు కంపెనీని చదవమంది, కనుక్కోమంది. ఈ యంత్రం ఆ చదివే మనిషినే తీసేసింది. వొడాఫోన్ కూడా 2014లో ఇచ్చిన నివేదికలో కొన్ని దేశాల్లో సర్కార్లు నేరుగా తమ నెట్‌వర్క్‌లోకి చొరబడి ఉన్నాయని ఒప్పుకుంది. ఇండియా లెక్కలు మాత్రం ఇవ్వలేదు, ఇక్కడి చట్టం ఒప్పుకోదని.

ఇక నెట్ ఆపడం. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఫోన్లూ నెట్టూ ఆగిపోయాయి. 4జీ తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరి 5న. కోర్టుకు వెళ్లింది కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్. 2020 జనవరి 10న తీర్పు చెప్పిన ముగ్గురిలో ఇద్దరు మనవాళ్లు: జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డి. నిరవధికంగా నెట్ ఆపడం చెల్లదని, ప్రతి ఉత్తర్వునూ ప్రచురించాలని తేల్చారు. ఆ కేసులో సర్కారు ఉత్తర్వులన్నీ కోర్టు ముందు పెట్టలేదు. వాటిని అందుకుని అమలు చేసిన కంపెనీల దగ్గర ఉంటాయి కదా, తెప్పించండి అని ఎవరికీ తోచలేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో నెట్ ఆగినప్పుడు ఇంటి నుంచి పనిచేసే పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని పక్క ప్రాంతాలకు పరుగెత్తారు. అప్పుడు కూడా అందరూ కలెక్టరును తిట్టారు, కొందరు మంత్రిని తిట్టారు. కంపెనీని అడిగినవారు నాకు కనబడలేదు.

2024 మార్చిలో హైదరాబాద్ పంజగుట్ట స్టేషన్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు మీ అందరికీ తెలుసు. న్యాయస్థానాల ముందున్న విషయం కనుక ఎవరినీ దోషి అనను. అందులో ఒక ఆరోపణ హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని. పోలీసుల దగ్గరి డిస్కు పోతే కంపెనీ దగ్గరి నకలు చూడాలి. ఆ నకలును 2 నెలల్లో చెరిపెయ్యమన్నది మన నియమమే. 1885 చట్టం స్థానంలో 2023 టెలికాం చట్టం, 2024లో కొత్త నియమాలు వచ్చినా ఉత్తర్వు ఇచ్చేదీ, దాన్ని సమీక్షించేదీ ఇప్పటికీ అధికారులే.

చివరగా ఒక విన్నపం. దేశంలోని మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు సెబీకి ఏటా బాధ్యతా నివేదిక ఇవ్వాలి. అందులో 5వ సూత్రం మానవ హక్కులదే. ఎంతమంది ఉద్యోగులకు హక్కుల శిక్షణ ఇచ్చారో అందులో రాస్తారు. ఎన్ని జిల్లాల్లో, ఎన్ని గంటలు, ఎవరి ఉత్తర్వుతో నెట్ ఆపారో రాసే గడి లేదు. ఆ ఉత్తర్వులు ప్రచురించాల్సినవేనని కోర్టే చెప్పింది కనుక, రహస్యం అని తప్పించుకోవడానికి లేదు. ఈ సభలో టెలికాం కంపెనీల షేర్లున్నవారు ఉండే ఉంటారు, పది షేర్లున్నా చాలు. ఈసారి వార్షిక సమావేశం నోటీసు వచ్చినప్పుడు పక్కన పడెయ్యకుండా ఆ లెక్క ఇమ్మని లిఖితపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ సంగతిని, ఈ స్మారక సంఘానికి పంపండి.