అమ్మాయిని ఏ కాలేజీలో చేర్పిద్దాం?



ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన ఇళ్ళల్లో ఒకటే చర్చ. పక్కింటావిడ ఒక కాలేజీ పేరు చెబుతుంది. ఆడపడుచు ఇంకొకటి చెబుతుంది. మామగారు బస్సు సౌకర్యం చూడమంటారు. ఆయన ఫీజు ఎంతంటారు. చదవవలసిన పిల్లను మాత్రం ఎవ్వరూ అడగరు. ఈ సంగతే ఇవాళ మీతో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను.

మా పుట్టిల్లు నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ దగ్గర ఆలూర్. అంతా పసుపు పండే నేల. మా చిన్నమ్మ కూతుర్ని ఆ ఊళ్ళోనే ఇచ్చారు. దాని పెద్దపిల్ల కిందటి వేసవిలో బైపీసీ మంచి మార్కులతో పాసయింది. పసుపుకు దుంపకుళ్ళు వచ్చి ఒక ఏడు పంటంతా పోతే, అదెందుకు వస్తుందో తెలుసుకోవాలని ఆ పిల్లకు పట్టుదల. వ్యవసాయ డిగ్రీకి ఎంట్రన్సు రాసింది గానీ తగిన ర్యాంకు రాలేదు. పోనీ, వృక్షశాస్త్రం తీసుకుని బీఎస్సీ చేస్తానంది.

ఒకనాటి సాయంత్రం మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, కాలేజోళ్ళు ఇంటికే వచ్చిండ్రు. కాయితాలు తీసుకపోయిండ్రు. అంతా మేమే చూసుకుంటమన్నరు. పిల్లకు బ్యాగు గూడ ఇచ్చిండ్రు" అని సంతోషంగా చెప్పింది.

నాకు గుండెల్లో రాయి పడింది. "దరఖాస్తులో ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారే?" అని అడిగాను. "వాళ్ళదే" అంది.

అమ్మా, ఇక్కడ కొంచెం ఆగి ఒక విషయం తెలుసుకుందాం. తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. పిల్ల పేరు నమోదు చేసి, తనకు కావలసిన కాలేజీలూ కోర్సులూ వరసగా పెట్టాలి. వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు. మొదట ఏది పెడితే దాన్నే మొదట చూస్తారు. అందులో సీటు రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది. కాబట్టి వరసే ప్రాణం. ఈ పని చేయడానికి ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. ఫోన్ ఎవరి దగ్గరుంటే ఆప్షన్లు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. పరాయి మనిషి నంబరు ఇస్తే, ఆయన తన కాలేజీ ఒక్కటే పెట్టి ఊరుకోవచ్చు. సీటు వచ్చాక గానీ మనకు తెలియదు.

అచ్చంగా అలాగే జరిగింది. పిల్ల అడిగింది బీఎస్సీ. పెట్టింది బీకాం! అదీ ఒకే ఒక్క కాలేజీ. అదృష్టవశాత్తూ ఆప్షన్లు మార్చుకునే గడువు ఇంకా రెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని, ఆధార్ కార్డు పట్టుకుని, దోస్త్ సహాయ కేంద్రానికి వెళ్ళాం. అక్కడ ఫోన్ నంబరు మార్పించాం. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఆప్షన్లు మళ్ళీ పెట్టాం. ఈసారి పిల్ల చెబుతుంటే మేం రాశాం. 1956లో ఏర్పడిన నిజామాబాద్ గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలను మొదట పెట్టింది. ఆర్మూర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలను తర్వాత పెట్టింది. మొదటి దానిలోనే సీటు వచ్చింది.

"చదువుకోని దాన్ని, నాకేం తెలుస్తదక్కా" అని మా చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనన్నాను: "మార్కెట్ యార్డులో పసుపు కొనేవాడు కొమ్ము విరిచి రంగు చూడందే ధర చెప్తాడా? పిల్ల చదువు అంతకంటే తక్కువదా? ఆ మాత్రం అడిగి చూడ్డానికి పెద్ద చదువులెందుకే?"

పట్నంలో ఉన్న మనకు ఇవన్నీ తెలుసనుకుంటాం. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? పెద్ద బోర్డు, ఏసీ గది, బస్సు చూసి సరేనంటాం. కాలేజీకి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని రావద్దు. లేబరేటరీ తలుపు తీయించి చూడండి. లైబ్రరీలో పిల్లలు ఉన్నారా, తాళం ఉందా చూడండి. సైన్సు లెక్చరర్లు ఎంతమంది ఉన్నారని అడగండి. ఆడపిల్లల మరుగుదొడ్లు స్వయంగా చూడండి. గేటు దగ్గర ఇద్దరు విద్యార్థినులను పలకరిస్తే ఏ కరపత్రంలోనూ లేని నిజం బయటపడుతుంది.

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు మీసేవలో ముందుగానే తీసి పెట్టుకోండి. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైలులో పెట్టండి. ఆధార్‌కు మీ ఇంటి ఫోన్ నంబరే కలిసి ఉందో లేదో చూడండి. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "తర్వాత చూసుకుందాం లే" అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఒరిజినల్ మార్కుల పత్రాలు ఎవరికీ వదిలిపెట్టకండి. సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలనీ, కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదనీ యూజీసీ 2018లోనే చెప్పింది. కావాలంటే జిరాక్సులు ఇవ్వండి.

పదో తరగతి పిల్లలున్న తల్లులు కూడా ఇప్పటినుంచే ఆలోచించాలి. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ ఉంది. బాసరలో 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీద సీట్లిస్తారు. ఇంటర్ ఒక్కటే దారి కాదు.

ఇవన్నీ చూశాక ఇంకొక్క పని మిగిలి ఉంటుంది. ఒక సాయంత్రం పొయ్యి ఆర్పేసి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "నీకేం చదవాలని ఉందమ్మా?" అని అడగండి. అడిగి ఊరుకోకండి, చివరిదాకా వినండి. మా ఆలూర్ పిల్ల ఇప్పుడు సెలవులకు ఇంటికొస్తే పసుపు దుంపను కోసి మైక్రోస్కోపులో చూస్తే ఏం కనిపిస్తుందో వాళ్ళ నాయనకు చెబుతోంది. ఆయన కూడా చెవులప్పగించి వింటున్నాడు. రెండు రోజులు ఆలస్యమై ఉంటే ఆ మాటలు ఆ ఇంట్లో వినిపించేవే కావు.