పాత సాధనములు, క్రొత్త కంప్యూటరు

రుషికొండ తీరమున ఇసుకపై తెప్పలు, ఎగువ కొండలపై కంప్యూటరు కార్యాలయములు. ఈ రెంటికిని చుట్టరికము కలుపుట ఎట్లో నేడు మనవి చేయుదుము.

విశాఖ చేపలరేవు మరపడవలపై సరంగునకు రెండు సాధనములు ముఖ్యము: లోతు తెలుపు ఎకోసౌండరు, తావు తెలుపు జి.పి.యస్. అవి పాతవైనను, కంప్యూటరు కొన్నంత మాత్రమున పారవేయ నక్కరలేదు. 1983లో అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ వీనికొక ఉమ్మడి భాష నేర్పరచినది. దానిని ఎన్.ఎం.ఇ.ఏ. 0183 అందురు. అందు వాక్యము డాలరు గుర్తుతో మొదలగును. సాధారణముగా సెకనుకు 4800 బిట్ల వేగమున సాగును. చివర నక్షత్రపు గుర్తు వెనుక రెండక్షరముల తనిఖీ సంకేత ముండును. అది సరిపడనిచో ఆ వాక్యమును నమ్మరాదు.

ఈ పద్ధతిలో ఒక తీగజతపై పలుకువాడొక్కడే, వినువారు పలువురు. రెండు సాధనములను ఒకే తీగకు ముడివేసినచో, ఇద్దరొక్కసారి మాటాడినట్లు ఏదియు తెలియదు. అందుచే నడుమ మల్టీప్లెక్సరు అను పెట్టె కావలెను. అది ఒకరి వెనుక నొకరి మాటను కంప్యూటరున కందించును. విద్యుత్తును వేరుపరచు ఏర్పాటు గల పెట్టెయైనచో, ఇంజను వైపు విద్యుద్దోషము కంప్యూటరునకు సోకుట తగ్గును. సెకనుకు 2,50,000 బిట్ల వేగము గల ఎన్.ఎం.ఇ.ఏ. 2000 పద్ధతికి తీగలను నేరుగా కలుపరాదు. దుబాసి వంటి గేట్‌వే వలయును.

తీగలు కలిసినంత మాత్రమున లెక్క కుదరినట్లు కాదు. ఎకోసౌండరు సెన్సారు నీటిమట్టమునకు ఒక మీటరు క్రింద నున్న దనుకొందము. అది 2 మీటర్లని చెప్పినచో నీటిలోతు 3 మీటర్లు. పడవ అడుగు సెన్సారు కంటె అర మీటరు దిగువ నున్నచో, అడుగు క్రింద మిగులు నీరు మీటరున్నరయే. కంప్యూటరు ఏ లోతును చూపుచున్నదో తెలియని సరంగు రేవుముఖమున ఇసుకదిబ్బకు తగులును. అది పడవకే కాదు, పడవనెక్కిన కుటుంబముల కూటికిని ముప్పు.

ఇట్టి కలయిక మనకు క్రొత్త కాదు. 2019లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పాలుపంచుకొని వెలువరించిన జెమిని అను సాధనము, సెల్‌ఫోను సంకేతములందని కడలిపై ఉపగ్రహము నుండి తుపాను హెచ్చరికలను గ్రహించి బ్లూటూత్ ద్వారా ఫోనున కందించును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన ఈ తీరమున హెచ్చరిక విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

కాబట్టి పడవల యజమానులకు మా విన్నపము: కంప్యూటరు పెట్టుడు, కాని పాత సాధనపు తెరను తీసివేయకుడు. కొన్ని ప్రయాణములు రెంటి అంకెలను ప్రక్కప్రక్కన సరిచూడుడు. తడిసి కంప్యూటరు ఆరిపోయిన రాత్రి రేవునకు చేర్చునది ఆ పాత పెట్టెయే.