కత్తి పెట్టకముందే పడాల్సిన ఇంజెక్షన్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు పేగుల ఆపరేషన్లు చేస్తావు గదా, ఓ పావుగంట మాట్లాడు" అన్నాడు మన కార్యదర్శి. భోజనాలకు ముందు ఈ విషయం పెట్టింది ఆయనే, నన్ను తిట్టుకోకండి.

నేను చెప్పేది ఒక్క ఇంజెక్షన్ గురించి, అది ఇచ్చే వేళ గురించి.

మన పెద్దపేగులో గ్రాము మలంలో పది వేల కోట్ల దాకా సూక్ష్మజీవులుంటాయి. లోపల ఉన్నంతసేపు వాటితో మనకు పేచీ లేదు. పేగు కోసి కుట్టేటప్పుడు ఒక్క చుక్క బయటపడి పొట్ట గోడలో చేరిందా, చీము పడుతుంది. ఇలాంటి ఆపరేషన్ల మీద జరిగిన 260 పరీక్షలను, 43 వేల పైచిలుకు రోగుల వివరాలను కలిపి చూశారు. యాంటీబయాటిక్ ఇవ్వనివాళ్లలో నూటికి 39 మందికి గాయం చీము పట్టింది. ఇచ్చినవాళ్లలో 13 మందికి. మందు ఇవ్వాలా వద్దా అన్న వాదన ఇక లేదు. ఎప్పుడివ్వాలన్నదే అసలు సంగతి.

1961లో అమెరికాలో జాన్ బర్క్ అనే సర్జన్ గినీపందుల చర్మంలోకి సూక్ష్మజీవులను ఎక్కించి, మందును వేర్వేరు వేళల్లో ఇచ్చి చూశాడు. ముందే ఇచ్చినవాటిలో వాపు దాదాపు లేదు. మూడు గంటలు దాటాక ఇస్తే ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. 1992లో సాల్ట్ లేక్ సిటీ వైద్యులు రకరకాల ఆపరేషన్లు చేయించుకున్న 2,847 మందిని లెక్కగట్టారు. కోతకు ముందు రెండు గంటల్లోపు మందు పడినవాళ్లలో ఇన్‌ఫెక్షన్ 0.6 శాతం. అంతకన్నా బాగా ముందు ఇస్తే 3.8. కోత పెట్టి మూడు గంటలు దాటాక ఇస్తే 3.3. మరీ ముందుగా ఇస్తే కోత వేళకు మందు ఒంట్లోంచి పోతుంది. ఆలస్యమైతే సూక్ష్మజీవులు అప్పటికే పాదుకుంటాయి.

ఇది నేను పుస్తకంలో చదవకముందే వార్డులో నేర్చుకున్నాను. పీజీ చేస్తున్న రోజులు. పెద్దపేగు క్యాన్సర్‌తో ఒక రైతు వచ్చాడు. ఇంజెక్షన్ థియేటర్లో ఇస్తారనుకున్నారు వార్డువాళ్లు. వార్డులోనే ఇచ్చి పంపారనుకున్నాడు మత్తు డాక్టరు. కేస్ షీట్ చూసి అడగాల్సినవాణ్ణి నేను. పేగు కోసేశాక గుర్తొచ్చింది. అప్పుడు ఇచ్చాం. ఐదో రోజు జ్వరం. కుట్లు విప్పితే చీము. నెల రోజులకు పైగా నేనే రోజూ డ్రెస్సింగ్ చేశాను. ఆ పుండు మానేదాకా క్యాన్సర్ మందులు మొదలుపెట్టలేకపోయాం. ముందే ఇచ్చినా చీము పట్టేదేమో, ఇచ్చినవాళ్లలోనూ నూటికి పదముగ్గురికి పడుతోంది గదా. ఆ లెక్క నాకు తెలుసు. కానీ ఆయన భార్య "ఆపరేషన్ బాగా జరిగిందన్నారు గదా బాబూ, మరి ఇదేమిటి?" అని అడిగినప్పుడు నేను ఆమెకు జరిగింది చెప్పలేదు. ఇన్నేళ్లలో ఈ మాట నలుగురిలో అనడం ఇదే మొదటిసారి.

అప్పట్నుంచీ నా థియేటర్లో కత్తి అందుకునే ముందు అందరం ఒక్క నిమిషం ఆగుతాం. "యాంటీబయాటిక్ ఎన్నింటికి పడింది?" అని పైకి అడుగుతాను. ఎవరో ఒకరు టైము చెప్పాలి. "ఇచ్చేశాం సార్" అంటే ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులోనూ ఈ ప్రశ్న ఉంది: గడచిన 60 నిమిషాల్లో ఇచ్చారా అని.

మామూలుగా మేం ఇచ్చేది సెఫజోలిన్, దానితోపాటు మెట్రోనిడజోల్. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, రక్తం బాగా పోయినా సెఫజోలిన్ మళ్లీ ఇస్తాం. రెండోది ఎందుకంటే పెద్దపేగులో ఉండేవాటిలో ఎక్కువ భాగం గాలి తగలకుండా బతికేవి. ఈ మందుకు వాటిమీద పని ఉందని బయటపడింది చిత్రంగా. ఇంగ్లండ్‌లో ఒకామె వేరే జబ్బుకు ఈ మాత్రలు వాడితే చిగుళ్ల పుండు కూడా మానింది. 1962లో ఆ సంగతి పత్రికకెక్కింది.

ముందురోజు నోటిద్వారా మాత్రలిచ్చే పద్ధతి కూడా 1970ల్లోనే వచ్చింది. మధ్యలో చాలాచోట్ల మూలపడి, ఇప్పుడు మళ్లీ వాడుకలోకొచ్చింది. విరేచనాల మందు ఒక్కటే ఇచ్చి కడుపు ఖాళీ చేయిస్తే చాలదు, మాత్రలూ పడాలి.

ఇక మీతో నాకున్న పేచీ. ఆపరేషన్ మర్నాడు ఇంజెక్షన్లు ఆపితే బంధువులు కంగారు పడతారు. "పక్క ఆస్పత్రిలో ఏడు రోజులు ఇచ్చారండీ, మీరేంటి అప్పుడే ఆపేశారు?" అంటారు. నేనూ ఒకప్పుడు ఐదు రోజులు రాసేవాణ్ణి. అది రోగి కోసం కాదు, నా భయం కోసం. గాయం మూశాక ఇచ్చే డోసులతో చీము ఇంకేమీ తగ్గదు. పైగా విరేచనాలు పట్టుకోవచ్చు, మందుకు లొంగని సూక్ష్మజీవులు మిగలొచ్చు. అయితే ఒకటి: పేగు అప్పటికే చిల్లుపడి లోపల చీము ఉంటే అది వేరే కథ. అక్కడ మందు జబ్బుకు వైద్యం, కొన్ని రోజులు వాడాల్సిందే. డాక్టరు ఆపొద్దంటే ఆపకండి.

నా పక్కన కూర్చునే పాత మిత్రుడొకడు నిన్న రాత్రి అడిగాడు, వాళ్లన్నయ్యకు వచ్చే వారం పెద్దపేగు ఆపరేషన్, ఏం చూసుకోవాలని. షుగర్ అదుపులో పెట్టించు, సిగరెట్ మానిపించు, ఏ మందైనా పడదంటే ముందే చెప్పు, ముఖ్యంగా పెన్సిలిన్ గురించి. థియేటర్లోకి తీసుకెళ్లేటప్పుడు "ఇంజెక్షన్ ఎక్కడిస్తారు, వార్డులోనా లోపలా?" అని మర్యాదగా ఒక్క మాట అడుగు. వాళ్లేమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. మిగతా ప్రశ్నలు పంక్తి దగ్గర అడగండి. పేగుల మాట మాత్రం పెరుగన్నం అయ్యాకే.