వయోలా పట్టిన బాలమురళి
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



రైల్వే గుమాస్తాలమైన మాకు సంగీతం గురించి మాట్లాడే పని అప్పగించారు. మెట్రిక్ వరకే చదివాము. వినికిడే తప్ప విద్వత్తు లేదు, తప్పులుంటే మన్నించవలెను.

మొన్న మా అమ్మాయి ఫిడేలు నేర్చుకుంటానంది. "కచేరీలు అన్నం పెడతాయా?" అన్నాము. చిన్నబుచ్చుకొని లోపలికి పోయింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ నాలుగు మాటలూ దానికి మేము బాకీపడ్డ జవాబే.

ఫిడేలుకు అన్న వంటిది వయోలా. చూపుకు అదే తీరు, ఒళ్లు కొంచెం పెద్దది. ఫిడేలుకున్న సన్నతీగ దీనికి లేదు. బదులుగా కింద ఒక మంద్రతీగ ఉంటుంది. అందుచేత నాదం గంభీరం, మగవారి గొంతుకు దగ్గర. మన కచేరీల్లో దాన్ని పట్టినవారు అరుదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పట్టారు. పట్టడమేమిటి, దానిమీద సొంతంగా కచేరీలే చేశారు!

1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన ఆయన పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. తండ్రి పట్టాభిరామయ్యగారు పెంచారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికం. ఎనిమిదో ఏటనే బెజవాడలో కచేరి. తరువాత చూడండి: గానం, ఫిడేలుపై పక్కవాద్యం, వయోలా, మృదంగం, కంజీర. ఆకాశవాణి ఉద్యోగం. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలు. 1967లో 'భక్త ప్రహ్లాద' చిత్రంలో నారదుడు! 1975 నాటి కన్నడ చిత్రం 'హంసగీతె'లో పాటకు జాతీయ బహుమానం. 2016లో చెన్నైలో కన్నుమూసేవరకు ఒక్క పనినే నమ్ముకొని కూర్చోలేదు. ఇంట తెలుగు, వీధిలో తమిళం, అంగట్లో కన్నడం మాట్లాడి నెట్టుకొచ్చే మన డెంకణికోటవారికి ఇది వింత కాదు.

అందరూ బాలమురళులు కారు. అదీ మాకు తెలుసు. వాద్యం పెట్టె ఒళ్లో పెట్టుకొని, పాసింజరు బండిలో రాత్రంతా కూర్చుని ఏ పెళ్లికో పోయే వాద్యగాళ్లను మేము ఎందరినో చూశాము. కాని వారిలో ఒక్కరైనా ఆ పెట్టెను సామాన్ల పలకమీద పెట్టగా చూడలేదు.

నిన్న హోసూరులో ఒక పాత ఫిడేలు బేరమాడి తెచ్చాము. తీగలు మార్చాలి, కమాను వెంట్రుకలూ వేయించాలి. ఆదివారం నుంచి పాఠం. ఇరుగుపొరుగువారు కొన్నాళ్లు ఓర్చుకోవలెనని మనవి.