చెట్టు నీడలో మన చోటేది?

(దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కూలి గురించి మాట్లాడతాం, భూమి గురించి మాట్లాడతాం. మనసు జబ్బు గురించి మాత్రం నోరెత్తం. నిద్ర పట్టకపోయినా, గుండె దడ వచ్చినా, బతుకు మీద విరక్తి పుట్టినా 'ఏదో సోకింది' అని తాయెత్తు కట్టించుకొని ఊరుకుంటాం. ఇవాళ ఆ మాటే మాట్లాడుకుందాం.

చెట్టూ నీళ్ళూ పచ్చదనం మనసుకు మేలు చేస్తాయని శాస్త్రం చెబుతోంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి ఫలితాలు ప్రకటించాడు. రోగులందరికీ ఒకే రకం ఆపరేషన్. కిటికీలోంచి చెట్లు కనబడ్డవాళ్ళు గోడ మాత్రమే కనబడ్డవాళ్ళకన్నా ముందే ఇంటికి పోయారు. నొప్పికి గట్టి మందులూ తక్కువే వాడారు. 2019లో ఇంగ్లండులో సుమారు 20 వేల మంది సంగతులు తీసిచూశారు. వారానికి 2 గంటలైనా పచ్చని చోట్ల గడిపినవాళ్ళలో 'ఒళ్ళూ మనసూ బాగున్నాయి' అన్నవాళ్ళే ఎక్కువ.

"మనం రోజంతా పొలంలోనే ఉంటాం గదా, మరి మనకెందుకీ దిగులు?" అని మీరడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. వెనక ఆసామి కేకలేస్తుంటే ఎండలో నడుం వంచి నాట్లెయ్యడం చాకిరీ. దాంట్లో మనసుకు విశ్రాంతి ఎక్కడిది? పచ్చదనం మధ్య మనిషి నిబ్బరంగా కూచోగలగాలి. భయం పక్కనుంటే వేపచెట్టు నీడ కూడా చల్లగా ఉండదు.

ఆ భయం మనకు ఊరికే పుట్టిందా? 1927లో మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగినందుకు బాబాసాహెబ్ వెంట వచ్చినవాళ్ళను కొట్టారు. 1985 జులై 17న కారంచేడు మారణకాండకు ముందు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దు అన్నదే మనవాళ్ళ నేరం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను పొలాల్లో వెంటాడి నరికారు, శవాలను గోతాల్లో కుట్టి కాలువలో పడేశారు. అలాంటి కాలువ గట్టున ఎవరి మనసు తేలికపడుతుంది?

కాబట్టి చెరువు గట్టు మీద హక్కంటే మనసు ఆరోగ్యం మీద హక్కు కూడా. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ వచ్చింది. దాని ప్రకారం ఊరుమ్మడి వనరులను, చెరువును, బావిని, దారిని మనల్ని వాడుకోనివ్వకపోతే నేరం. ఈ సంగతి వాడవాడలో చెప్పాలి.

ఇక మన పని. గట్టు మీదికి నలుగురం కలిసి పోదాం. కట్టెలమోపు, గడ్డిమోపు ఏదీ లేకుండా, ఊరికే కూచోడానికి ఆడవాళ్ళూ రావాలి. వాడలో చోటున్న చోటల్లా వేప, కానుగ నాటుదాం. చోటు లేకుంటే పంచాయతీని ఉమ్మడి స్థలం అడుగుదాం.

ఒక్కటి మరవొద్దు. జబ్బు ముదిరితే చెట్టు నీడ ఒక్కటే చాలదు. చచ్చిపోవాలనిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకున్నా డాక్టరు దగ్గరికి పోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి అందరం చెరువు గట్టు మీద కలుద్దాం. పిల్లల్నీ ముసలోళ్ళనీ వెంట తీసుకురండి.

జై భీమ్!